కరణీకపు మర్మం: గ్రామోద్యోగి శ్రమ, ప్రేరణ, భద్రత – ఒక చారిత్రక పరిశీలన

1984 జనవరి 6న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఒక ఆర్డినెన్సు ద్వారా పార్ట్‌టైం గ్రామాధికారుల పదవులను రద్దు చేసింది. కోస్తా, రాయలసీమ జిల్లాల్లో కరణం, మునసబు. తెలంగాణలో పట్వారీ, మాలీ పటేల్, పోలీసు పటేల్. తరతరాలుగా ఊరి లెక్కనూ శిస్తునూ కాపలానూ తమ చేతుల్లో పెట్టుకొన్న వ్యవస్థ ఒక్క ఆజ్ఞతో ముగిసింది. ఎన్.టి. రామారావు ప్రభుత్వ నిర్ణయాన్ని 1985లో టి. వెంకటరెడ్డి కేసులో సుప్రీంకోర్టు సమర్థించింది.

కరణీకాన్ని గురించిన చర్చ ఇంతవరకు ప్రధానంగా రెండు మార్గాల్లో సాగింది. ఒకటి, గ్రామాన్ని గుప్పిట్లో పెట్టుకొన్న అధికారంగా దానిని చూసే సామాజిక విమర్శ. రెండవది, తెలుగులో లౌకిక గద్యానికీ చరిత్ర రచనకూ పునాది వేసిన లేఖక సంస్కృతిగా దానిని చూసే సాహిత్య చరిత్ర. రెండూ అవసరమైనవే. అయితే కరణం ప్రభుత్వ యంత్రాంగంలో అట్టడుగు మెట్టుమీద నిలబడి పనిచేసిన ఉద్యోగి కూడా. ఆ పనిలోని బరువు ఎటువంటిది, ఆ బరువును మోయడానికి అతనిని పురికొల్పినదేది, అతని భద్రత దేనిపై ఆధారపడింది అన్న ప్రశ్నలు ఈ రెండు మార్గాల్లోనూ వెనకబడ్డాయి.

ప్రభుత్వోద్యోగుల ఒత్తిడిపై నేటి అధ్యయనాలకు మూలస్తంభంగా చెప్పదగినవి బ్రిటన్‌లో జరిగిన వైట్‌హాల్ అధ్యయనాలు. 1967లో దాదాపు 18,000 మంది పురుష ఉద్యోగులతో మొదలైన తొలి అధ్యయనం ఒక ప్రబలమైన నమ్మకాన్ని తలకిందులు చేసింది. గుండెజబ్బుతో ఎక్కువగా మరణిస్తున్నవారు పెద్ద బాధ్యతలు మోసే ఉన్నతాధికారులు కారు, కింది శ్రేణి ఉద్యోగులు. అట్టడుగు శ్రేణిలో ఈ మరణాల రేటు పై శ్రేణికంటే మూడింతల దాకా ఉన్నట్లు తేలింది. 1985లో మొదలైన రెండవ అధ్యయనం కారణాలను వెతుకుతూ, తాను చేసే పనిపై తనకు అదుపు లేకపోవడం అనే అంశాన్ని ముందుకు తెచ్చింది. పని ఎక్కువ కావడం ఒక్కటే మనిషిని కుంగదీయదు. బాధ్యత తనదై, నిర్ణయం మరొకరిది అయినప్పుడు కుంగదీస్తుంది.

ఈ సూత్రాన్ని కరణానికి అన్వయిస్తే ఒక చిక్కు ఎదురవుతుంది. నిర్ణయాధికారం లేని అతి చిన్న ఉద్యోగి కరణం. శిస్తు రేటు అతను నిర్ణయించడు, వజా ఇవ్వలేడు, పట్టా ఇవ్వలేడు. అయినా ఊరిలో అతని మాటకు ఎదురులేదు. కచేరీ ఇవ్వని అదుపును కరణం లెక్కలోని మర్మం ద్వారా సంపాదించుకొన్నాడు. ఆ మర్మమే అతని ప్రేరణ, అదే అతని రక్షణ. దాని ఖరీదు మాత్రం చాలావరకు రైతూ, వెట్టివాడూ చెల్లించారు. తరువాతి సంస్కరణలు ఆ మర్మాన్ని తొలగించాయి గాని బరువును తగ్గించలేదు.

మర్మం

విజయనగర కాలపు ఆయగాండ్ర వ్యవస్థలో కరణం ఊరి పన్నెండుమంది వృత్తిదారులలో ఒకడు. అతని జీతం కళ్లంలో కొలిచే మేర, సాగు చేసుకొనే మాన్యం. అంటే జీతం ఊరిచ్చేది, లెక్క రాజుకు చెప్పేది. ఈ ద్వంద్వం కరణీకానికి పుట్టుకతో వచ్చినది. ఆధునిక ప్రభుత్వం సృష్టించినది కాదు.

వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్, సంజయ్ సుబ్రహ్మణ్యం 2001లో వెలువరించిన ‘టెక్స్చర్స్ ఆఫ్ టైమ్’ దక్షిణ భారత చారిత్రక చైతన్యాన్ని ఈ లేఖక వర్గంతో ముడిపెట్టింది. బద్దెన పేరిట ప్రచారంలో ఉన్న సుమతీశతకపు లోకనీతిలోనూ కరణం పలుమార్లు కనిపిస్తాడు. సాటి కరణాన్ని నమ్మరాదని, మర్మం చెప్పరాదని హెచ్చరించే పద్యం అందరికీ తెలిసినదే. దీనిని కరణాల కుటిలత్వానికి సాక్ష్యంగా చూపడం పరిపాటి. ఉద్యోగి వైపునుంచి చదివితే అది భయాన్ని చెప్పే పద్యం. తన స్థానాన్ని కాజేయగలిగినవాడు తన విద్యే తెలిసిన మరొకడు. లెక్కలోని తప్పును పట్టుకోగలిగినవాడూ అతడే. తహసీల్దారును మభ్యపెట్టవచ్చు, సాటి కరణాన్ని మభ్యపెట్టడం కష్టం. కాబట్టి మర్మాన్ని దాచుకోవడం ఇక్కడ స్వభావదోషం కన్నా ఎక్కువగా ఉద్యోగరక్షణ. శతకకర్త దానిని నీతిగా బోధించవలసి రావడమే ఆ వృత్తిలోని ఒంటరితనాన్ని తెలుపుతుంది.

కాలిన్ మెకంజీ కోసం కావలి సోదరులూ ఇతర సహాయకులూ ఊరూరా తిరిగి కైఫీయతులు సేకరించినపుడు కరణాల దండకవిలెలు వారికి ముఖ్యాధారాలయ్యాయి. కవిలెలను చూపడానికి కరణాలు వెనుకాడిన సందర్భాలు ఆ సేకరణ చరిత్రలో ఉన్నాయి. చరిత్ర అడుగుతున్నారో, దాచిన భూమి లెక్క అడుగుతున్నారో తేల్చుకోవడం వారికి కష్టమే. నేటి పరిశోధకులకు అమూల్యమైన ఆ స్థానిక చరిత్రలో కొంత భాగం, ఉద్యోగులు బెరుకుతో, కొలిచి కొలిచి ఇచ్చిన సమాచారమని గుర్తుంచుకోవాలి.

హక్కు

కంపెనీ పాలన కరణాన్ని మొదట ఆదరించింది. శాశ్వత పరిష్కారపు రెగ్యులేషన్లతోపాటే 1802లో వచ్చిన 29వ రెగ్యులేషన్ కరణం ఉద్యోగానికి చట్టరూపం ఇచ్చింది. నియామకం జమీందారు చేతిలో ఉన్నా, పూర్వపు కరణం వారసుడికే ప్రాధాన్యం. కోర్టు తీర్పు లేనిదే అతనిని తొలగించరాదు. ఆనాటి ఉద్యోగికి ఇది సామాన్యమైన రక్షణ కాదు. జమీందారు లెక్కను జమీందారు చెప్పుచేతల్లో లేనివాడు రాయాలన్నదే దీని ఉద్దేశం. కరణం క్షేమంకన్నా లెక్క క్షేమం కోసమే ఈ రక్షణ ఏర్పడింది.

తరువాతి నూరేళ్ల చట్టాలన్నీ ఈ రక్షణను కొద్దికొద్దిగా కలెక్టరు చేతికి మార్చిన చరిత్ర. 1831 నాటి 6వ రెగ్యులేషన్ వంశపారంపర్య గ్రామోద్యోగాలపై తగాదాలను న్యాయస్థానాల నుంచి తప్పించి రెవెన్యూ అధికారులకు అప్పగించింది. 1858లో ఏర్పడిన ఇనాం కమిషన్ పనితో గ్రామసేవా మాన్యాల స్వరూపం మారడం మొదలైంది. 1864 నాటి గ్రామ సెస్సు చట్టంతో కళ్లంలోని మేర స్థానంలో నగదు వచ్చింది. 1895 నాటి వంశపారంపర్య గ్రామోద్యోగాల చట్టం వారసత్వాన్ని స్పష్టంగా గుర్తిస్తూనే, జరిమానా, సస్పెన్షన్, బర్తరఫు అధికారాలను రెవెన్యూ అధికారులకు ఇచ్చింది. వారసుడు మైనరైతే అతని పేరు నమోదు చేసి, అతడు పెద్దవాడై అర్హత సంపాదించేదాకా మరొకరిచేత పని చేయించే ఏర్పాటు కూడా అందులో ఉంది.

ఈ చివరి ఏర్పాటు గమనార్హం. తండ్రి చనిపోతే పిల్లవాడు హక్కుతోపాటు పరీక్షనూ వారసత్వంగా పొందుతాడు. సర్వే, లెక్కలు నేర్చి నెగ్గకపోతే ఇంటి ఉద్యోగం పోతుంది. పోయేది జీతం మాత్రమే కాదు. కరణీకపు జీతం ఏ కాలంలోనూ కుటుంబాన్ని పోషించగలిగినంత ఉండేది కాదు. పోయేది ఊరిలో ఇంటి స్థానం. ‘మిరాసీ’ అనే మాట ఉద్యోగాన్ని ఆస్తిగా మార్చింది. ఆస్తిని పోగొట్టుకొనే భయం నౌకరీని పోగొట్టుకొనే భయంకన్నా లోతైనది. అది ఒక మనిషిది కాదు, వంశానిది. ప్రభుత్వానికి కావలసిన ప్రేరణ కూడా అక్కడే దొరికింది. తక్కువ జీతానికి తరాల తరబడి విధేయంగా పనిచేసే ఉద్యోగి ఇంతకన్నా సులభంగా దొరకడు.

ఏడాది పొడవునా పని

1984 నాటి చట్టపరిభాషలో గ్రామాధికారి ‘పార్ట్‌టైం’ ఉద్యోగి. ఈ మాట ఎంత అసమంజసమో అతని ఏడాదిని చూస్తే తెలుస్తుంది.

జూలై 1న ఫసలీ మొదలవుతుంది. వానలు పడి సాగు మొదలైనప్పటినుంచి కరణం సర్వే నంబరు వెంట సర్వే నంబరుగా పొలాలు తిరగాలి. మెట్టా, మాగాణీ, తోటా. ఏ పైరు, ఏ నీటివనరు, మొదటి పంటా రెండవ పంటా అన్నవన్నీ అడంగల్‌లో ఎక్కాలి. రెండవ పంటకు ఫసలుజాస్తి, మెట్టకు పారిన ప్రభుత్వ నీటికి తీర్వజాస్తి, పోరంబోకు ఆక్రమణకు శివాయిజమా. ప్రతి పద్దు వెనుకా ఒక రైతు ఉంటాడు, ప్రతి రైతుతోనూ కరణం ఆ ఊరిలోనే బతకాలి. నీరు పారిందని రాస్తే రైతుకు కోపం. పారలేదని రాస్తే అజమాయిషీకి వచ్చిన రెవెన్యూ ఇన్‌స్పెక్టరుకు అనుమానం. మునసబు వసూలు చేసే కిస్తు లెక్క దీనితో సరిపోవాలి. వీటికి తోడు జనన మరణాల నమోదు, పైరు గణాంకాలు, పశుగణన, పదేళ్లకొకసారి జనాభా లెక్కలు, గట్టు తగాదాలు, అధికారుల క్యాంపులు.

ఏడాది చివర జమాబందీ. దస్త్రాల కట్టలు నెత్తిన పెట్టించుకొని కరణాలందరూ తాలూకా కేంద్రానికో క్యాంపుకో చేరాలి. తన ఊరి లెక్క పిలుపుకు వచ్చేదాకా రోజుల తరబడి పడిగాపులు పడాలి. పైఅధికారి ముందు ప్రతి పద్దుకూ జవాబు చెప్పాలి. తేడా వస్తే మొదటి జరిమానా అతనికే. వేసవిలో సాగే ఈ తంతు ఒక విధంగా సాంవత్సరిక పరీక్ష. పిల్లల పరీక్షకు లేనిదీ, దీనికి ఉన్నదీ ఒక్కటే: నెగ్గినా బహుమతి లేదు. జమాబందీ నుంచి మాట పడకుండా తిరిగి రావడమే కరణానికి విజయం.

పని అంతటికీ కార్యాలయం ఇల్లే. చావడి ఉన్న ఊళ్లలోనూ లెక్కల పెట్టె సాధారణంగా కరణం ఇంట్లోనే ఉండేది. ఇల్లూ ఉద్యోగమూ వేరుకాని ఈ స్థితిని నేటి సంక్షేమ పరిభాష దోషంగా పరిగణిస్తుంది. అందులో నిజం ఉంది, వేళ కాని వేళలో తలుపు తట్టేవాడు ఎప్పుడూ ఉంటాడు. అయితే ఆ పెట్టె తన ఇంట్లో ఉండటమే కరణం బలం కూడా. సర్వే రాయి ఎక్కడ ఉండేది, ఏ తండ్రి భూమి ఏ కొడుకుకు ఎంత వెళ్లింది, ఏ పట్టాదారు చనిపోయి ఎన్నేళ్లయింది అన్న సంగతులు సగం కాగితంలోనూ సగం అతని జ్ఞాపకంలోనూ ఉండేవి. కచేరీకి కాగితం అందేది, జ్ఞాపకం అందదు. వైట్‌హాల్ పరిశోధకులు వెతికిన ‘అదుపు’ కరణానికి ఈ జ్ఞాపకంలోనే దొరికింది.

కచేరీ నుంచి అతనికి అందిన పదజాలాన్ని కూడా ఇక్కడ గుర్తించాలి. హుకుం, తాఖీదు, జుర్మానా, బర్తరఫు, తనిఖీ. వీటిలో ఒక్కటీ మెచ్చుకోలు మాట కాదు. 1854లో సి.పి. బ్రౌన్ మిశ్రభాషా నిఘంటువును ప్రత్యేకంగా కూర్చవలసి వచ్చిందంటే ఇటువంటి అన్యదేశ్యాలు తెలుగు వ్యవహారంలోకి ఎంతగా దిగాయో ఊహించవచ్చు. ఆ మాటలను ఊరికి చేరవేసిన వాహకులలో కరణం ముఖ్యుడు.

ఒత్తిడి దిగిన దారి

పైనుంచి పడే ఒత్తిడి కరణం దగ్గర ఆగిపోలేదు. 1854లో మద్రాసు రాజధానిలో ఎలియట్, స్టోక్స్, నార్టన్ సభ్యులుగా నియమితమైన హింసల విచారణ సంఘం, శిస్తు వసూలు కోసం రెవెన్యూ సిబ్బంది రైతులను హింసించడం నిజమేనని నిర్ధారించింది. మద్రాసు నేటివ్ అసోసియేషన్ పక్షాన గాజుల లక్ష్మీనరసు సెట్టి సాగించిన ఆందోళనా, పార్లమెంటు సభ్యుడు డాన్బీ సీమర్‌కు రైతుల స్థితిని ప్రత్యక్షంగా చూపడమూ ఈ విచారణకు నేపథ్యం. ఆ నివేదికలో పేర్కొన్న సాధనాలలో కిట్టి ఒకటి, వేళ్లను మధ్యలో పెట్టి నొక్కే కర్రల జత. ‘ఒత్తిడి’ అనే మాట మానసికార్థంలో తెలుగులో స్థిరపడకముందు, శిస్తు యంత్రాంగంలో అది అక్షరాలా ఇలా ఉండేది. కలెక్టరుకు బోర్డు నుంచి, తహసీల్దారుకు కలెక్టరు నుంచి, గ్రామాధికారికి తహసీల్దారు నుంచి దిగిన బకాయిల గద్దింపు చివరకు రైతు వేళ్లమీద తేలింది.

నిజాం రాజ్యంలోని తెలంగాణలో ఈ దారి మరింత స్పష్టం. పర్యటనకు వచ్చే అధికారికి బండ్లు, వంటచెరకు, పాలు, కోళ్లు సమకూర్చే భారం పటేల్ పట్వారీలది. దానిని నిజంగా మోసినవారు వెట్టి కులాలు. 1921లో ఏర్పడిన ఆంధ్ర జనసంఘం, మాడపాటి హనుమంతరావు నాయకత్వంలో, వెట్టిని తన తొలి సమస్యలలో ఒకటిగా చేపట్టింది. 1969లో వెలువడిన దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’ దేశ్‌ముఖ్ పక్కన కరణాన్ని నిలిపి ఈ నిచ్చెనను చూపుతుంది. శీర్షికలోని ‘చిల్లర’ అన్న విశేషణం కరణానికి చక్కగా అతుకుతుంది. దేవుడే గాని చిల్లర దేవుడు; పెద్ద దేవుడి ముందు తానూ చేతులు కట్టుకొనేవాడే.

కరణం బాధితుడని చెప్పడం దీని ఉద్దేశం కాదు. అలా చెప్పడం వెట్టివాడి చరిత్రకు అన్యాయం. ఒత్తిడిని కిందికి దించగలిగే అవకాశం ఉన్న ఉద్యోగి తన మనుగడను ఆ అవకాశంతోనే కాపాడుకొన్నాడన్నది వాస్తవం. ఉద్యోగి సంక్షేమాన్ని కార్యాలయపు గోడలమధ్యనే కొలిచే పద్ధతికి ఈ వాస్తవం అందదు.

1922: రాజీనామా

హక్కుకూ భయానికీ ఉన్న ముడి బాహాటంగా పరీక్షకు నిలిచిన సందర్భం పెదనందిపాడు పన్నుల నిరాకరణోద్యమం. 1922 తొలి నెలల్లో గుంటూరు జిల్లాలోని ఆ ప్రాంతంలో పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వాన రైతులు శిస్తు కట్టడం మానివేశారు. రైతుల నిరాకరణకు తోడుగా గ్రామాధికారులు మూకుమ్మడిగా రాజీనామాలు ఇచ్చారు. వసూలు యంత్రం చివరి పల్లచక్రం ఊడిపోయింది. లెక్క తెలిసినవాడు లేకుండా ఎవరి దగ్గర ఎంత రావాలో తేల్చడం పైవారికి సాధ్యం కాలేదు. ప్రభుత్వం అటు రైతుల ఆస్తుల జప్తుకూ, ఇటు గ్రామాధికారుల వారసత్వ హక్కులు పోతాయన్న హెచ్చరికలకూ దిగింది. చౌరీచౌరా తరువాత గాంధీజీ శాసనోల్లంఘనాన్ని నిలిపివేయడంతో ఈ ఉద్యమమూ ఆగింది.

జాతీయోద్యమ చరిత్రలో ఈ రాజీనామాలు త్యాగాల పట్టికలో ఒక పంక్తిగా మిగిలిపోయాయి. ఉద్యోగ చరిత్రలో వాటికి అంతకంటె పెద్ద చోటు ఉండాలి. ప్రభుత్వం జీతం ఆపుతానని బెదిరించలేదు, బెదిరించినా ఫలితం ఉండేది కాదు. బెదిరించినది మిరాసీని. అంటే తన ఉద్యోగిని కదిలించేదేదో ప్రభుత్వానికి కచ్చితంగా తెలుసు. దానిని లెక్కచేయకుండా వారు కొన్నాళ్లయినా నిలబడటానికి ఊరి మన్నన కారణమని భావించవచ్చు. తరతరాలుగా ఇటు ఊరికీ అటు కచేరీకీ మధ్య నిలిచినవాడు, ఆ కొద్దినెలలు పూర్తిగా ఊరివాడయ్యాడు.

హక్కు పోయి బరువు మిగిలిన కాలం

రాజ్యాంగం అమలులోకి వచ్చాక వారసత్వం నిలవడం అసాధ్యం. తెనాలి తాలూకాలో పెరవలి గ్రామాన్ని విభజించగా కొత్తగా ఏర్పడిన పెరవలిపాలెం మునసబు పదవిపై తలెత్తిన వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. గాజుల దశరథరామారావు కేసులో 1960 డిసెంబరు 6న వెలువడిన తీర్పు, 1895 చట్టంలో కొత్త గ్రామాలకు పాత అధికారుల కుటుంబాలనుంచే ఎంపిక చేయాలన్న నిబంధన 16వ అధికరణానికి విరుద్ధమని ప్రకటించింది. గ్రామాధికారి పదవి ప్రభుత్వోద్యోగమేనని ఆ తీర్పు స్థిరపరచింది. ఆస్తి మళ్లీ ఉద్యోగమైంది. అది న్యాయమైన తీర్పు. పుట్టుక ఆధారంగా ఊరి లెక్కను ఒక ఇంటికి రాసిచ్చే పద్ధతిని సమర్థించడానికి ఏ వాదమూ లేదు.

అయితే పాత ప్రేరణ పోయినపుడు దాని స్థానంలో మరొకటి రావాలి. పూర్తికాలపు జీతం, పదోన్నతి, సెలవు, కార్యాలయం అనే ఆధునిక ఉద్యోగ లక్షణాలు 1984 దాకా గ్రామాధికారికి అందలేదు. రద్దు తరువాత గ్రామ సహాయకుడు, గ్రామ పరిపాలనాధికారి, పంచాయతీ కార్యదర్శి, గ్రామ రెవెన్యూ అధికారి అంటూ పేర్లు మారుతూ వచ్చాయి. అడంగల్, పహాణీ, సర్వే నంబరు, తగాదా మారలేదు. కొత్త ఉద్యోగి బదిలీపై వచ్చేవాడు కనుక ఊరి జ్ఞాపకం అతనికి లేదు. లెక్క తప్పితే జవాబుదారీ మాత్రం పాత కరణానిదే. పాత కరణం తప్పును జ్ఞాపకంతో కప్పుకోగలిగేవాడు. కొత్తవాడు, ఎప్పుడో ఎవరో రాసిన తప్పుకు కూడా తానే సంజాయిషీ చెప్పుకోవాలి.

2019 నవంబరు 4న అబ్దుల్లాపూర్‌మెట్ తహసీల్దారు తన కార్యాలయంలోనే సజీవదహనానికి గురైన ఘటన భూమి లెక్కల చుట్టూ పేరుకొన్న కోపానికి భయంకరమైన సాక్ష్యం. పూర్వం ఊరి స్థాయిలో, కరణం ఇంటి అరుగుమీద తేలిపోయే, లేదా అణచివేతకు గురయ్యే తగాదా ఇప్పుడు నేరుగా మండల కార్యాలయపు బల్ల ముందుకు వస్తున్నది. 2020 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ గ్రామ రెవెన్యూ అధికారి పదవులను రద్దు చేసింది. ధరణి వెబ్‌సైటు ఆ ఏడాది అక్టోబరు 29న మొదలైంది. పదవి కోల్పోయినవారిని 2022లో లాటరీ పద్ధతిలో ఇతర శాఖలకు పంపారు. ఊరి లెక్క ఒక వంశపు ఆస్తిగా ఉండిన వ్యవస్థకూ, ఆ లెక్క రాసే మనిషి రేపు ఏ శాఖలో ఉంటాడో చీటీ తేల్చే వ్యవస్థకూ మధ్య దూరం అరవయ్యేళ్లు మాత్రమే. మొదటిదానిలో ఉద్యోగిని కదిలించడం అసాధ్యం. రెండవదానిలో అతను నిలవడం అసాధ్యం.

ఆంధ్రప్రదేశ్ 2019లో గ్రామ సచివాలయాలను ఏర్పరచి ఊరిలోనే ఉద్యోగుల సంఖ్యను పెంచే భిన్నమైన మార్గం తొక్కింది. తెలంగాణలో 2025లో భూభారతి చట్టం ధరణి స్థానంలో వచ్చింది, గ్రామ పాలనాధికారి అనే కొత్త పేరుతో ఊరికి మళ్లీ ఒక రెవెన్యూ ఉద్యోగి వచ్చాడు. ఆ పదవులకు ముందుగా పరిగణించినవారు, ఐదేళ్ల క్రితం పదవి పోయి వేరే శాఖల్లో చేరిన పూర్వపు గ్రామ రెవెన్యూ ఉద్యోగులే.